ఇంట్లోనే కష్టపడుతున్న పెద్దవాళ్లకు అందే రక్షణ: నెల్లూరు జిల్లా నుంచి ఒక సమీక్ష

అరవై ఏళ్లు దాటిన మనిషిని సొంత ఇంట్లో కొట్టినా, తిట్టినా, తిండి పెట్టకుండా మాడ్చినా, పింఛను డబ్బు లాక్కున్నా, ఆస్తి రాయించుకొని గడప బయట నిలబెట్టినా ఆదుకోవడానికి మన జిల్లాలో కొన్ని ఏర్పాట్లు ఉన్నాయి. 14567 అనే ఫోను నంబరు, గ్రామ సచివాలయం, పోలీసు స్టేషను, ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, ప్రభుత్వ ఆసుపత్రి వాటిలో ముఖ్యమైనవి. ఇవి వేర్వేరు శాఖల చేతిలో ఉన్నప్పటికీ, ఆపదలో ఉన్న ముసలి మనిషికి ఆ శాఖల విభజనతో పని లేదు కనుక, వీటన్నింటినీ కలిపి ఒకే సేవగా చూసి ఈ సమీక్ష రాస్తున్నాను. మా వీధిలో ఉండే ఒక పెద్దమ్మ కోసం ఈ సేవలన్నింటి గుమ్మాలూ ఎక్కి దిగాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. విడివిడిగా చూస్తే ఇందులో చాలా భాగాలు నేను అనుకున్నదాని కంటే మెరుగ్గా పనిచేశాయి. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి ఆ మనిషిని చేర్చే బాధ్యత మాత్రం ఎవరికీ అప్పగించినట్టు కనిపించలేదు.

పెద్దమ్మ సంగతి మన ప్రాంతంలో కొత్తది కాదు. భర్త పోయాక, చెరువు కింద ఉన్న కయ్యనూ, ఊరు పెరిగి అంకణాల లెక్కన ధర పలుకుతున్న ఇంటి స్థలాన్నీ దాన సెటిల్‌మెంటు కింద కొడుకు పేరిట రాసిచ్చింది. రిజిస్ట్రేషను అయిన రోజున అందరూ సంతోషంగానే ఉన్నారు. ఆ తరువాత మంచం వరండాలోకి, వరండాలో నుంచి వెనక రేకుల షెడ్డులోకి మారింది. అన్నం వేళ తప్పింది. కొడుకు తాగి వచ్చిన రాత్రుళ్లు చెయ్యి చేసుకోవడం మొదలైంది. చుట్టుపక్కల మా అందరికీ ఎంతో కొంత తెలుసు. అయినా ఇంటి గుట్టు రచ్చకెక్కించడం ఎందుకని పెద్దమ్మే అడ్డుపడేది. "కన్నబిడ్డ మీద కాయితం పెడతానా నాయనా? రేపు నా తలకు కొరివి పెట్టేది వాడే గదా" అని ఆమె అన్న మాటకు జవాబు చెప్పడం ఎవరికైనా కష్టమే. అరవై ఏళ్లు దాటిన ప్రతి ఆరుగురిలో సుమారు ఒకరు ఏడాది కాలంలో ఏదో ఒక రకమైన హింసకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఫిర్యాదుగా బయటికి వచ్చేవి అందులో చాలా తక్కువ. ఎందుకు తక్కువో పెద్దమ్మ మాటలోనే ఉంది.

ఈ వ్యవహారంలో మొదట కదిలింది ఫోను నంబరు కాదు, పోలీసులూ కాదు. ఒకటో తేదీన పింఛను ఇవ్వడానికి ఇంటికి వచ్చిన సచివాలయం ఉద్యోగి. 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు అయింది. సచివాలయం సిబ్బంది ఇంటి దగ్గరికే వచ్చి లబ్ధిదారుని గుర్తింపు సరిచూసుకొని డబ్బు చేతికి ఇస్తారు. అలా వచ్చిన ఆ అమ్మాయి మూడు సంగతులు గమనించింది. ఏం అడిగినా పెద్దమ్మకు బదులు కొడుకే జవాబు చెబుతున్నాడు. డబ్బు ఆమె చేతిలో పడిన మరుక్షణం అతని జేబులోకి పోతోంది. మోచేతి మీద కమిలిన మచ్చ ఉంది. చాలామంది ఇవి చూసి కూడా సంతకం తీసుకొని వెళ్లిపోతారు. ఆ అమ్మాయి అదే రోజు సచివాలయంలోని మహిళా సంరక్షణ కార్యదర్శికి, అంటే జనం మహిళా పోలీసు అని పిలిచే ఉద్యోగికి, ఈ సంగతి చెప్పింది. పింఛను పంపిణీని డబ్బు పంచే కార్యక్రమంగానే చూస్తూ వచ్చిన నాకు, నెలకు ఒకసారి ప్రభుత్వం మనిషి ఒకరు ప్రతి ముసలివారి ముఖం దగ్గరగా చూసే అవకాశం ఇందులో ఉందని అప్పుడే అర్థమైంది. ఇంత విస్తారంగా ఇంటింటికీ చేరే ఏర్పాటు వృద్ధుల రక్షణ కోసం విడిగా పెట్టాలంటే ఎంత ఖర్చవుతుందో ఊహించండి. అది మన దగ్గర ఇప్పటికే నడుస్తోంది.

మహిళా పోలీసు పనితీరు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తం సేవలో నాకు బాగా నచ్చిన భాగం అదే. ఆమె యూనిఫారంలో వచ్చి కొడుకును కేకలేయలేదు. ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్ఎంను వెంటబెట్టుకొని, బీపీ, షుగరు చూడాలన్న మాటతో లోపలికి వచ్చింది. పరీక్ష చేసేటప్పుడు వేరే వాళ్లు ఉండకూడదని చెప్పి కొడుకును బయటికి పంపింది. ఆ తరువాతే "అవ్వా, నిన్న రాత్రి ఏం తిన్నావు?" అని అడిగింది. కొట్టాడా అని అడగలేదు. తిండితో మొదలైన మాట దెబ్బల దాకా దానంతట అదే వచ్చింది. పెద్దవాళ్లతో ఒంటరిగా మాట్లాడాలన్నది ఈ పనిలో మొదటి సూత్రం. హింసించే మనిషి పక్కనే నిలబడి ఉండగా "నీకేమైనా ఇబ్బందా?" అని అడిగితే లేదనే జవాబే వస్తుంది. ఆ జవాబును కాగితం మీద రాసుకొని విచారణ ముగించిన సందర్భాలు మా చుట్టుపక్కల ఉన్నాయి.

ఎల్డర్‌లైన్ అని పిలిచే 14567 జాతీయ హెల్ప్‌లైను. 2021 అక్టోబరు 1న, అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం నాడు, అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు దీన్ని దేశానికి అంకితం చేశారు. ఆయన మన నెల్లూరు జిల్లావారే కాబట్టి ఈ నంబరు ఇక్కడ ప్రతి రచ్చబండ దగ్గరా గోడ మీద రాసి ఉండాలని నా కోరిక. కాల్‌కు డబ్బు ఖర్చు కాదు. వారంలో ఏడు రోజులూ ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతారు. చట్టం గురించి, పింఛను గురించి, వృద్ధాశ్రమాల గురించి సమాచారం ఇవ్వడం, మనసు కుంగిన వాళ్లతో మాట్లాడటం, అవసరమైతే క్షేత్రస్థాయి మనిషిని పంపడం వీళ్ల పని. నేను ఫోను చేసినప్పుడు అవతలి వ్యక్తి తెలుగులో, తొందరపడకుండా మాట్లాడారు. ఇప్పుడు ఆమె ప్రాణానికి ముప్పు ఉందా అన్నది తొలి ప్రశ్న, ఆమెతో నేరుగా మాట్లాడే వీలుందా అన్నది రెండోది. ఆ వరుస సరైనది. మాట్లాడి, పెద్దమ్మకు ఏం కావాలో ఆమె నోటితోనే చెప్పించారు. ఆమె కోరింది చాలా చిన్నది: వేళకు ఇంత అన్నం, లోపలి గదిలో తన మంచం, తన పింఛను తన దగ్గర.

రాత్రి 8 దాటాక ఈ నంబరు పనికిరాదన్నది దీని పెద్ద పరిమితి. తాగి వచ్చి కొట్టడం జరిగేది ఎక్కువగా ఆ తరువాతే. అప్పుడు అత్యవసర నంబరు 112కి చేయాలి. దెబ్బలు తగిలి ఉంటే అంబులెన్సు కోసం 108కి చేయాలి. బాధితురాలు మహిళ అయితే మహిళల హెల్ప్‌లైను 181 కూడా ఉంది. ఆపదలో ఉన్న డెబ్బై ఏళ్ల మనిషి ఇన్ని నంబర్లలో ఏది ఎప్పుడు నొక్కాలో గుర్తుపెట్టుకోవడం జరిగే పని కాదు. మహిళా పోలీసు పెద్దమ్మ బటన్ ఫోనులో 112ను, ఎదురింటి వాళ్ల నంబరును పెట్టి, ఏ మీట నొక్కితే ఏది పోతుందో నేర్పించి వెళ్లింది. చిన్న పనే గాని, గోడ మీద అతికించే ప్రకటనల కన్నా ఎక్కువ ఉపయోగపడింది.

పోలీసు స్టేషను గురించి రెండు మాటలు చాలు. మేము వెళ్లిన చోట మొదట వినిపించిన మాట "ఇది మీ ఇంటి గొడవ, పెద్దమనుషుల్లో కూర్చొని సర్దుకోండి" అన్నదే. కొడుకును పిలిపించి మందలించి పంపడం సాయం అని వాళ్లు నిజంగానే అనుకున్నారు. మందలింపు తిన్న మనిషి ఆ కోపం ఎవరి మీద తీర్చుకుంటాడో ఎవరూ ఆలోచించలేదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోని 24వ సెక్షను ప్రకారం, తన సంరక్షణలో ఉన్న వృద్ధులను ఎక్కడో వదిలేసి చేతులు దులుపుకోవడం నేరం. దానికి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ సంగతి చెప్పాక స్వరం మారింది. చట్టం పేరు పౌరుడు చెబితే తప్ప గుర్తుకు రాకపోవడం ఈ సేవలో లోపమే.

అసలు బలం ఆ చట్టం పెట్టిన ట్రిబ్యునల్‌లో ఉంది. రెవెన్యూ డివిజను స్థాయి అధికారి, అంటే మనకు ఆర్డీవో లేదా సబ్ కలెక్టరు, దీన్ని నడుపుతారు. లాయరు అవసరం లేకుండా పెద్దవాళ్లు తమ గోడు తామే చెప్పుకునేలా దీన్ని రూపొందించారు. తాము వెళ్లలేని స్థితిలో ఉంటే, తాము అధికారమిచ్చిన ఇంకొకరు గాని, సంస్థ గాని దరఖాస్తు పెట్టవచ్చు. ఎవరూ పెట్టకపోయినా ట్రిబ్యునల్ తనంతట తానే విచారణకు తీసుకోవచ్చు. నోటీసు అందిన నాటి నుంచి 90 రోజుల్లో తేల్చాలి. ప్రత్యేక కారణం ఉంటే మరో 30 రోజులు గడువు ఉంటుంది. విచారణ సాగుతుండగానే మధ్యంతర భృతి ఇప్పించవచ్చు. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ కింద నిర్ణయించవచ్చు. రాజీ కుదిరే అవకాశం ఉందనుకుంటే రాజీ అధికారికి పంపుతారు, ఆయన ఒక నెలలో తన నివేదిక ఇవ్వాలి. తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో కలెక్టరు దగ్గరి అప్పీలు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

కాగితం మీద ఇంత చక్కగా ఉన్న ఈ ఏర్పాటు ఆచరణలో ఎలా ఉంది? విచారణకు కూర్చున్న అధికారి పెద్దమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె చెప్పింది చివరి దాకా విన్నారు. కొడుకు మధ్యలో కల్పించుకోబోతే ఆపారు. మధ్యంతర భృతి ఆర్డరు కూడా వచ్చింది. ఇది నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే విషయం. అక్కడి దాకా చేరడమే కష్టమైంది. దరఖాస్తు తీసుకున్న కార్యాలయంలో చట్టం అడగని కాగితాలు అడిగారు. సర్వే కోసమనో, ప్రోటోకాల్ కోసమనో అధికారి ఊళ్లోకి పోయిన రోజున వాయిదా పడిందని ముందుగా చెప్పేవారు లేక, మోకాళ్ల నొప్పులతో బస్సెక్కి వచ్చిన మనిషి మెట్ల మీద కూర్చొని తిరిగి పోవలసి వచ్చింది. వాయిదా తేదీ మారితే ఒక ఫోను చేయడానికి ఏ చట్ట సవరణా అక్కర్లేదు. కావలి కాలువలో నీళ్లు వదిలినా చివరి ఆయకట్టుకు చేరేలోపు ఎక్కడెక్కడో ఇంకిపోయినట్టు, ఈ చట్టం ఇచ్చిన హక్కు కూడా మెట్ట గ్రామంలోని మనిషిని చేరేసరికి చాలా భాగం దారిలోనే మిగిలిపోతోంది.

ఆస్తి విషయంలో ఈ చట్టంలోని 23వ సెక్షను గురించి ప్రతి కుటుంబం తెలుసుకోవాలి. తన బాగోగులు చూడాలన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక, తీసుకున్నవాళ్లు ఆ షరతు తప్పితే, ఆ బదిలీని మోసంతోనో ఒత్తిడితోనో జరిగినదిగా భావించి, రాసిచ్చిన వాళ్లు కోరితే రద్దు చేయవచ్చు. ఇందులో చిక్కు షరతు దగ్గరే ఉంది. ఆ షరతు మీదే బదిలీ జరిగిందని చూపించాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో, ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం గనుక ఉదారంగా అన్వయించాలంటూ, కొడుకు విడిగా రాసిచ్చిన హామీ పత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకొని గిఫ్టు డీడును రద్దు చేసింది. అవసరమైతే స్వాధీనం కూడా తిరిగి ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని ఆ తీర్పులో స్పష్టం చేసింది. పెద్దమ్మ దస్తావేజులో మాత్రం "ప్రేమాభిమానములతో" అన్న మాట తప్ప పోషణ గురించి ఒక్క వాక్యం కూడా లేదు. రాసిన లేఖరికి అది మామూలు నమూనా. మన జిల్లాలో దస్తావేజు లేఖరులు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల వాళ్లు వృద్ధుల చేత దాన సెటిల్‌మెంటు రాయించేటప్పుడు, బతికున్నంత కాలం పోషిస్తామన్న షరతు చేర్చమంటారా అని ఒక్క మాట అడిగితే, ట్రిబ్యునల్ దాకా వచ్చే ఎన్నో కేసులు అసలు పుట్టవు. వృద్ధుల రక్షణ సేవల జాబితాలో రిజిస్ట్రేషను కార్యాలయాన్ని ఎవరూ చేర్చరు. నా దృష్టిలో అది మొదటి వరుసలో ఉండాలి.

దరఖాస్తు రాసిపెట్టింది న్యాయ సేవాధికార సంస్థ పంపిన పారా లీగల్ వలంటీరు, అంటే లాయరు కాకపోయినా న్యాయ సాయంలో తోడుండే కార్యకర్త. 15100కు ఫోను చేస్తే ఈ సాయం గురించి చెబుతారు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. వయోవృద్ధుల కోసం జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2016లో ప్రత్యేక పథకం కూడా తెచ్చింది. ఆ వలంటీరు కోర్టు భాష వాడకుండా, పెద్దమ్మ చెప్పినది చెప్పినట్టు ఆమె మాటల్లోనే రాశారు. ఇంతకంటే వివరించవలసినది లేదు, ఎందుకంటే ఇక్కడ ఇబ్బందేమీ ఎదురు కాలేదు.

మహిళలకైతే సఖి కేంద్రం ఉంది. వైద్యం, తాత్కాలిక వసతి, పోలీసు, న్యాయ సాయం ఒకే చోట అందించడం దాని ఉద్దేశం, దానికి వయసుతో పని లేదు. ఇదే దెబ్బలు తిన్న ముసలి తాతకు అలాంటి చోటు లేదు. భార్య పోయి, కోడలు పెట్టే ఒక పూట తిండి మీద బతుకుతూ, మగవాణ్ణి గనుక చెప్పుకోవడానికి సిగ్గుపడే తాతలు మా ఊళ్లోనే ఉన్నారు. వృద్ధాశ్రమాల సంగతీ అంతే. జిల్లాకు కనీసం ఒకటి, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు ఉండేలా ప్రభుత్వాలు నెలకొల్పవచ్చని 2007 చట్టంలోని 19వ సెక్షను చెబుతోంది. "నెలకొల్పవచ్చు" అన్న చోట "నెలకొల్పాలి" అని ఉండవలసింది. పెద్దమ్మ అయితే ఆశ్రమం మాట ఎత్తగానే ముఖం తిప్పుకుంది. ఆమె కోరింది తన ఇంట్లో భయం లేకుండా ఉండటం. సాయం చేయబోయేవాళ్లు ఆమె కోరికను తోసిపుచ్చి తమకు సులువైన దారి ఎంచుకోకూడదు.

మరోవైపు కూడా చూడాలి. మన పొరుగున ఉన్న కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి తాగి ఎముకలు బిగుసుకుపోయి, లేవడానికి, కూర్చోవడానికి కూడా మనిషి సాయం కావలసిన పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు. పనుల కోసం కొడుకులు బెంగుళూరో హైదరాబాదో వెళితే, వాళ్ల సేవ అంతా ఒక్క కోడలి మీదే పడుతుంది. మతిమరుపు జబ్బు ఉన్న అత్తను రాత్రంతా కనిపెట్టుకొని ఉండే కోడలు ఒక రోజు విసుక్కుంటే ఆమెను దుర్మార్గురాలిగా చూడటం న్యాయం కాదు. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఆ ఇంటికి వెళ్లి, ఆమెకు ఒక పూట విశ్రాంతి దొరికే దారి చూపిస్తే హింస దాకా పోదు. ట్రిబ్యునల్‌లో రాజీ అధికారిని పెట్టడంలో అర్థం ఇదే. కాని కావాలని కొట్టేవాడి విషయంలో రాజీ పేరుతో ఆ ముసలి మనిషిని మళ్లీ అదే గదిలోకి పంపకూడదు. ఈ రెండు రకాల ఇళ్లను వేరు చేసి గుర్తించగలిగేది ఆ వీధిలో తిరిగే ఉద్యోగులే గాని, కార్యాలయంలో కూర్చున్నవాళ్లు కాదు.

ఇక అతుకుల సంగతి. పింఛను ఇచ్చే ఉద్యోగి చూసినది మహిళా పోలీసుకు చేరింది, ఎందుకంటే ఇద్దరూ ఒకే గదిలో కూర్చుంటారు. ఆ తరువాత హెల్ప్‌లైనుకు తెలిసినది స్టేషనుకు తెలియదు, ఆసుపత్రిలో రాసిన గాయాల వివరం ట్రిబ్యునల్‌కు తెలియదు, ట్రిబ్యునల్ ఇచ్చిన ఆర్డరు సచివాలయానికి తెలియదు. ప్రతి చోటా పెద్దమ్మ తన కథ మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది. చెప్పిన ప్రతిసారీ ఏడ్చింది. మేము వెంట తిరగకపోతే రెండో గుమ్మం దగ్గరే ఆగిపోయి ఉండేది. దీనికి మందు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ప్రతి పోలీసు స్టేషను తన పరిధిలో ఒంటరిగా ఉండే వృద్ధుల జాబితా ఉంచుకోవాలనీ, పోలీసు ప్రతినిధి వీలైనంత వరకు ఒక సామాజిక కార్యకర్తతో కలిసి నెలకు ఒకసారైనా వాళ్లను పలకరించాలనీ కేంద్రం రాష్ట్రాలకు ఇచ్చిన నమూనా నియమాల్లోనే ఉంది. మన రాష్ట్రంలో ఆ పలకరింపును ఒకటో తేదీ పింఛనుతో ముడిపెట్టడం సులువు. సచివాలయంలో ఒకరిని, ఆ మనిషి కేసు మొదటి ఫోను నుంచి ఆర్డరు అమలు దాకా చూసే బాధ్యురాలిగా, పేరు పెట్టి నియమించాలి. ఆ పేరు, నంబరు పెద్దవాళ్ల పింఛను కార్డు మీదే ఉండాలి.

ఈ సేవలు వాడుకోదలచిన వాళ్లు ఆధార్, వయసు రుజువు, పిల్లల చిరునామాలు, దస్తావేజు నకలు, దెబ్బలకు ఆసుపత్రి చీటీ ఉంటే అది, దగ్గర పెట్టుకోండి. చీటీ లేదని ఆగిపోవద్దు. కింది స్థాయిలో కాగితం కదలకపోతే సోమవారం నాడు నెల్లూరు కలెక్టరేటు తిక్కన ప్రాంగణంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. ప్రకాశం వాళ్లకు ఒంగోలు కలెక్టరేటులోనూ ఇదే సౌకర్యం ఉంది.

పెద్దమ్మకు ఇప్పుడు లోపలి గదిలో మంచం ఉంది, పింఛను ఆమె కొంగు ముడిలోనే ఉంటోంది. భృతి మొదట సక్రమంగా వచ్చి, ఈ మధ్య ఆలస్యమవుతోంది. ఆర్డరు వచ్చాక డబ్బు ఆగితే, అది చెల్లించవలసిన తేదీ నుంచి మూడు నెలల లోపు ట్రిబ్యునల్‌కు మళ్లీ దరఖాస్తు పెట్టాలి. ఆ గడువు దాటితే ఆ బాకీకి వారెంటు ఇవ్వరు. గడువు లోపల దరఖాస్తు పెడితే వారెంటు జారీ చేసి వసూలు చేయవచ్చు, అప్పటికీ కట్టకపోతే నెల వరకు జైలు కూడా విధించవచ్చు. ఈ మూడు నెలల లెక్క మాకు ఏ కార్యాలయంలోనూ చెప్పలేదు, ఆర్డరు కాగితం మీదా లేదు. పారా లీగల్ వలంటీరు చెబితే తెలిసింది. ఆర్డరు చేతికి వచ్చిన వాళ్లు ఇంటికి వెళ్లే ముందే ఆ తేదీలు రాయించుకోండి.